కొలరాడో కొండల్లో మొదటిసారి ఎల్క్ వేట: ఏమేం సిద్ధం చేసుకోవాలి?

అరోరా_కుర్రాడు
అందరికీ నమస్కారం. నేనూ, ఆఫీసులో నా స్నేహితుడూ ఈ అక్టోబరు చివర్లో ఎల్క్ (ఇక్కడి పెద్ద జాతి జింక) వేటకి వెళ్దామనుకుంటున్నాం. రెండో రైఫిల్ సీజన్, అంటే రైఫిల్‌తో వేటకి అనుమతిచ్చే రోజుల్లో రెండో విడత. లైసెన్సుల కోసం తీసే ఏప్రిల్ డ్రాకి (లాటరీకి) మేం అప్లై చేయలేదు. అందుకని ఆగస్టులో డ్రా లేకుండా నేరుగా అమ్మే బుల్ (మగ ఎల్క్) లైసెన్సులు కొంటాం. చోటు ఫ్లాట్ టాప్స్, మీకర్ ఊరికి తూర్పు వైపు. చాలామంది వేటగాళ్ళు రోడ్డుకి దగ్గర్లోనే తిరుగుతారట. మేం ఆరు మైళ్ళు లోపలికి నడిచి అక్కడే టెంట్ వేసుకుని సీజన్ అయ్యేదాకా ఉండాలని ప్లాన్. నాకు గ్రీన్ కార్డ్ ఉంది, వాడు హెచ్-1బీ. ఇద్దరికీ తుపాకీ కొత్త. మా బావగారు డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి తోడు వస్తానంటున్నారు, ఆయన వేటాడరు. రైఫిల్, బూట్లు, టెంట్... ఏది ముందు కొనాలి?

కొండదారి
తమ్ముడూ, కొనుగోళ్ళు తర్వాత. ముందు ఆ ఆరు మైళ్ళ సంగతి తేల్చుకోండి. మీ ప్లాన్‌లో మిగతావన్నీ సర్దుకోవచ్చు, ఇదొక్కటి మాత్రం అలాగే ఉంచకూడదు.

పెద్ద మగ ఎల్క్ ఏడు వందల పౌండ్లు తూగుతుంది. మన కణుజు కంటే పెద్ద జంతువు. ఎముకలన్నీ తీసేసినా రెండు వందల నుంచి రెండు వందల నలభై పౌండ్ల మాంసం వస్తుంది. మనిషికి యాభై అయిదు, అరవై పౌండ్ల చొప్పున నాలుగు మోతలు. ఇద్దరు మోస్తే ఒక్కొక్కరికి రెండు సార్లు. అంటే బరువుతో ఆరు మైళ్ళు కిందికి, ఖాళీగా ఆరు మైళ్ళు పైకి, మళ్ళీ బరువుతో ఆరు కిందికి. అక్కడికి పద్దెనిమిది. టెంటు, స్లీపింగ్ బ్యాగులు ఇంకా పైనే ఉన్నాయి. వాటికోసం ఇంకో పన్నెండు. మొత్తం మనిషికి ముప్పై మైళ్ళు, అదీ పదివేల అడుగుల ఎత్తున, పడిపోయిన చెట్ల మీదుగా, మంచులో. రెండు రోజుల్లో అవదు. ఈలోగా ఎండ కాస్తే మాంసం పాడవుతుంది.

అదే రోడ్డుకి ఒకటిన్నర మైలు లోపల పడితే మాంసం మోయడానికి నాలుగున్నర మైళ్ళు, సామానుకి ఇంకో మూడు. ఒక్క రోజులో అయిపోతుంది.

ఇంకో మాట. ఫ్లాట్ టాప్స్‌లో చాలా భాగం వైల్డర్‌నెస్ ప్రాంతం. అక్కడ మోటారు బండి, సైకిలు ఏదీ తీసుకెళ్ళకూడదు. చక్రాలున్న చిన్న తోపుడు బండి కూడా నిషేధమే. కాళ్ళు, లేకపోతే గుర్రాలు.

తినే మాంసాన్ని అడవిలో వదిలేయడం కొలరాడోలో నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, మోసుకురాలేని చోట జంతువుని చంపడం తప్పు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ముందు "దీన్ని ఎలా దించుతాం?" అనేదానికి జవాబు ఉండాలి. అది ఇంట్లో, పటం ముందు కూర్చున్నప్పుడే తేలాలి.

అరోరా_కుర్రాడు
అన్నా, ఈ లెక్క మాకు తట్టలేదు. చాలా థాంక్స్. మా బావగారు కూడా మోస్తానంటున్నారు. లైసెన్స్ లేని మనిషి మోయవచ్చా?

కొండదారి
తోడు రావచ్చు, మోయవచ్చు. వేటలో మాత్రం పాలు పంచుకోకూడదు. జంతువుని మీ వైపు తోలడం, తుపాకీ పట్టుకోవడం లాంటివి కుదరవు. వేటగాళ్ళకి ఆరెంజ్ తప్పనిసరి. ఆయన వేటాడకపోయినా వేసుకోమనండి. నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ లేదా పింక్, నెత్తిన అదే రంగు టోపీ, అన్ని వైపుల నుంచీ కనబడేలా. మచ్చల మచ్చల కామో ఆరెంజ్ లెక్కలోకి రాదు.

ముగ్గురు మోసేవాళ్ళుంటే రెండున్నర మైళ్ళ వరకు సరే. అంతకు మించి వెళ్ళాలంటే మీకర్ వైపు గుర్రాలతో మాంసం దించే ప్యాకర్లు ఉంటారు. ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ ఉన్నవాళ్ళనే పిలవండి. ఆగస్టులోపే మాట్లాడి పెట్టుకోండి. జంతువు పడ్డాక ఫోన్ చేస్తే వాళ్ళకి అప్పటికే వేరే పనులుంటాయి.

కాగితాల_మాస్టారు
మీ స్నేహితుడి వీసా గురించి ఎవరూ అనలేదు కాబట్టి చెబుతున్నాను. ఇది చాలా ముఖ్యం.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1, ఎల్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ గుళ్ళు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడమే కాదు, చేతిలో పట్టుకోవడం కూడా. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. వీసా మీద ఉన్నవాళ్ళకి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనకి పనికొచ్చేది, ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్.

ఇక్కడే చిక్కు. ఎల్క్ లైసెన్స్ ఆగస్టులో కొంటే, అప్పటిదాకా మీ స్నేహితుడు షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీ కూడా ముట్టుకోకూడదు. దీనికి దారి ఉంది. ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ఎవరికైనా కొలరాడోలో అది తప్పనిసరి. తర్వాత కుందేళ్ళ లాంటి చిన్న జంతువుల కోసం ఇచ్చే స్మాల్ గేమ్ లైసెన్స్ కొనుక్కోవాలి. ఖర్చు తక్కువ. అది చేతికొచ్చాక ప్రాక్టీసు మొదలుపెట్టవచ్చు. షాపులో తుపాకీ కొనేటప్పుడు 4473 ఫారం నింపాలి. పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), వేట లైసెన్స్ మూడూ పట్టుకెళ్ళాలి.

లైసెన్స్ గడువు తీరితే మినహాయింపూ పోయినట్టే. ఆ తర్వాత కూడా రైఫిల్ ఇంట్లో ఉంటే నేరం. తుపాకీ కేసు పడితే ఇమ్మిగ్రేషన్‌లో దేశం నుంచి పంపేసే దాకా వెళ్తుంది. గ్రీన్ కార్డ్ పెండింగ్‌లో ఉన్న కుటుంబం ఇలాంటి రిస్కు తీసుకోకూడదు. తుపాకీ ముట్టుకునే ముందు ఒకసారి మీ లాయర్‌తో మాట్లాడండి. ఎవరి దగ్గరైనా రైఫిల్ అప్పు తీసుకుందామనుకుంటే రాష్ట్ర చట్టం విడిగా చూసుకోవాలి. కొలరాడోలో తుపాకీ చేతులు మారడానికి కూడా నిబంధనలున్నాయి.

అరోరా_కుర్రాడు
మాస్టారూ, వచ్చే శనివారం వాణ్ని రేంజ్‌కి తీసుకెళ్దామనుకున్నాను. ఇప్పుడే ఫోన్ చేసి ఆపేశాను. ముందు కోర్సులో చేరతాం.

గోదారి_గట్టు
నేను రాజమండ్రి నుంచి చదువుతున్నాను. కించపరచాలని కాదు, నిజంగా అడుగుతున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కణుజునో కృష్ణజింకనో చంపితే జైలే. మన పిల్లలకి అడవి జంతువుల్ని కాపాడాలని చెబుతూ పెంచాం. అక్కడికెళ్ళి డబ్బు కట్టి మరీ చంపడం ఎందుకు? మాంసం షాపులో దొరకదా?

కొండదారి
అడగాల్సిన ప్రశ్నేనండి. నల్లగొండలో పెరిగిన నాకూ మొదట్లో ఇదే సందేహం.

కొలరాడోలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎల్క్ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మార్కెట్ కోసం హద్దూ అదుపూ లేకుండా చంపారు. 1913, 1914లో ఎల్లోస్టోన్ నుంచి కొన్నింటిని తెచ్చి ఎస్టెస్ పార్క్ దగ్గర వదిలారు. ఇవాళ ఈ రాష్ట్రంలో రెండున్నర లక్షలకి పైనే ఉన్నాయి. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఏటా మందల్ని లెక్కగట్టి, చాలా రకాల లైసెన్సులకి సంఖ్య నిర్ణయిస్తారు. ఆ లైసెన్సుల డబ్బుతోనే వన్యప్రాణి శాఖ చాలావరకు నడుస్తుంది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, గుళ్ళ మీద 11 శాతం పన్ను కూడా అడవులకీ జంతువులకీ వెళ్తుంది.

మన దేశంలో పరిస్థితి వేరు. మిగిలిన అడవి తక్కువ, జనం ఎక్కువ. అక్కడ నిషేధం ఉండాల్సిందే, నేను దానికి పూర్తిగా కట్టుబడి ఉన్నాను. ఇక్కడ తుపాకీ పట్టుకోవడం అలవాటైంది కదా అని సెలవుల్లో ఊరికెళ్ళి అడవి పందినో కుందేలునో కొట్టాలనుకునేవాళ్ళని నేను గట్టిగానే ఆపుతాను.

గోదారి_గట్టు
ఓపిగ్గా చెప్పినందుకు ధన్యవాదాలు. నా మనసు ఒప్పుకోకపోయినా, లెక్క ప్రకారం జరుగుతుందని అర్థమైంది. ఆ "మోసుకురాలేనిది చంపకూడదు" అన్న మాట మాత్రం నచ్చింది.

వెట్_అక్క
నేను పశువైద్యురాలిని, మాది గ్రాండ్ జంక్షన్. మాంసం గురించి నేను చెబుతాను.

పడిన నిమిషం నుంచి మీ శత్రువు వేడి. ఎల్క్ వెంట్రుక బోలుగా ఉంటుంది, ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు. చలి వేస్తోంది కదా అని తోలుతో వదిలేస్తే తుంటి కీలు దగ్గర మాంసం లోపల్నుంచి పులిసిపోతుంది. పొట్ట చీల్చకుండానే ఒక పక్క తోలు ఒలిచి, ముందు కాలు, వెనక కాలు, వీపు మాంసం, మెడ మాంసం తీసి, తిప్పి రెండో పక్క తీసే పద్ధతి ఉంది. బరువు మోయాల్సిన మీకు అదే నయం. లోపలి చిన్న కండలు కూడా చివరి పక్కటెముక వెనక నుంచి చెయ్యి పెట్టి తీయవచ్చు, మర్చిపోవద్దు. తీసిన ముక్కల్ని గాలాడే కాటన్ సంచుల్లో వేసి నీడలో కొమ్మకి వేలాడదీయండి. ప్లాస్టిక్ కవర్లు వద్దే వద్దు.

చట్టపరంగా రెండు విషయాలు. లైసెన్స్‌తో వచ్చే ట్యాగ్ మీద వెంటనే సంతకం, తేదీ వేయాలి. మగదని తెలిపే అవయవం మాంసానికి సహజంగా అతుక్కునే ఉండాలి, కోసి విడిగా సంచిలో వేసుకుంటే కుదరదు.

ఇక మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది. భేజా ఫ్రై ఆశ పెట్టుకోవద్దు. ఇక్కడి జింకల్లో, ఎల్క్‌లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు ఉంది. మొదట గమనించింది 1967లో, ఇదే రాష్ట్రంలో ఫోర్ట్ కాలిన్స్‌లోని పరిశోధన కేంద్రంలో. దానికి కారణం ప్రయాన్ అనే ప్రోటీన్, ఎంత ఉడికించినా చావదు. మనిషికి సోకినట్టు ఇప్పటిదాకా ఆధారాలు లేవు, కానీ జబ్బున్న జంతువు మాంసం తినవద్దనే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మెదడు, వెన్నుపాము, కళ్ళు, ప్లీహం, శోషరస గ్రంథులు ముట్టుకోవద్దు. కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, వెన్నెముకని రంపంతో కోయవద్దు. ఎల్క్ తలని మోసుకొస్తే వన్యప్రాణి శాఖ ఆఫీసులో శాంపిల్ తీసి పరీక్షకి పంపుతారు. కొన్ని ప్రాంతాల్లో కొన్ని ఏళ్ళు అది తప్పనిసరి కూడా. రిపోర్టు వచ్చేదాకా మాంసం విడిగా ఫ్రీజ్ చేసి, పేరు రాసి పెట్టండి. ఎవరికీ పంచవద్దు.

పిల్లలున్న ఇల్లయితే సీసం బదులు రాగి బుల్లెట్లు వాడండి. సీసం పగిలి కంటికి కనబడని ముక్కలుగా మాంసంలోకి చాలా దూరం పోతుంది.

ఫ్రిస్కో_బావ
మా బావమరిది చెబితే చేరాను. నాకు నలభై దాటాయి, బీపీ మాత్రలు వాడతాను. మా ఊరు సముద్రమట్టానికి ఏడు వందల అడుగులే. పదివేల అడుగులంటే మా ఆవిడకి టెన్షన్‌గా ఉంది. నేను రావచ్చా?

ఊపిరితిత్తుల_డాక్టర్
రావచ్చు, తొందరపడకుండా వస్తే. విమానం దిగిన రోజే కొండెక్కవద్దు. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ రెండు రాత్రులు పడుకోండి. తర్వాత మీకర్‌లో ఒక రాత్రి. ఆ పైన క్యాంపు. మొదటి రోజు బరువు మోయవద్దు. నీళ్ళు బాగా తాగండి, మద్యం మానేయండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర కొందరికి పనిచేస్తుంది, కానీ మీ బీపీ మందులతో కలిపి వాడవచ్చో లేదో మీ డాక్టరే చెప్పాలి. సల్ఫా అలర్జీ ఉంటే తప్పకుండా చెప్పండి. గుండె పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి. ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఒక్కసారిగా చలిలో అరవై పౌండ్లు మోయడం గుండెకి పెద్ద పరీక్ష.

తలనొప్పి, వికారం మామూలే, విశ్రాంతితో తగ్గుతాయి. తగ్గకపోతే ఇంకా పైకి వెళ్ళకండి. కూర్చున్నా ఆయాసం రావడం, దగ్గు, నురగ, లేదా మాట తడబడడం, నడక తూలడం కనిపిస్తే అది ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతున్న లక్షణం. తెల్లారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే కిందికి దించాలి. ఎల్క్ పడి ఉన్నా సరే, మనిషే ముందు.

కొండదారి
డాక్టర్ గారి మాట ముగ్గురూ గుర్తుపెట్టుకోండి. అందుకే ఫోన్ సిగ్నల్ లేని చోటికి గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం ఒకటి ఉండాలి. ఎక్కడ ఉంటారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టి వెళ్ళండి.

ఒళ్ళు సిద్ధం చేసుకోవడం ఇవాళే మొదలుపెట్టండి. కొలరాడో స్ప్రింగ్స్ పక్కన మానిటూ ఇంక్లైన్ ఉంది కదా, 2,768 మెట్లు, మైలు కూడా లేని దూరంలో దాదాపు రెండు వేల అడుగుల ఎత్తు. బ్యాగులో నీళ్ళ డబ్బాలు మోసుకుంటూ ఎక్కండి, పైన నీళ్ళు పారబోసి ఖాళీగా దిగండి. మోకాళ్ళు బతుకుతాయి. వేటకి వేసుకునే బూట్లతోనే ఎక్కండి. కొత్త బూట్లతో సీజన్‌కి వెళ్తే రెండో రోజుకే పాదాలు బొబ్బలెక్కుతాయి.

రైఫిల్ విషయంలో మోజు పడవద్దు. 0.24 అంగుళాల క్యాలిబర్, 85 గ్రెయిన్‌ల బుల్లెట్ అనేది చట్టం పెట్టిన కనీసం. 308, 270, 30-06 ఏదైనా చాలు. కాల్చినప్పుడు భుజాన్ని తక్కువ తన్నేది, మీరు భయపడకుండా కాల్చగలిగేది తీసుకోండి. బల్ల మీద పెట్టి కాల్చడం స్కోప్ సరిచేసుకోవడానికే. తర్వాత ప్రాక్టీసంతా కూర్చుని, మోకాలి మీద, నాలుగడుగులు పరిగెత్తి ఆయాసపడుతూ చేయాలి. అలా కాల్చినప్పుడు ప్రతి గుండూ పది అంగుళాల పళ్ళెంలో ఎంత దూరం దాకా పడుతుందో, అంతే మీ దూరం. మీది రెండు వందల గజాలైతే రెండు వందల యాభైలో నిలబడ్డ బుల్‌ని వదిలేయాలి. గాయపడి పారిపోయిన జంతువు ఎక్కడో కుళ్ళిపోతుంది.

కాల్చే ముందు కొమ్ములు లెక్కపెట్టాలి. ఈ యూనిట్లలో (వేట కోసం విభజించిన ప్రాంతాల్లో) చాలావాటిలో ఒక కొమ్ముకి నాలుగు మొనలైనా ఉండాలి, లేదా నుదుటి దగ్గరి మొన అయిదు అంగుళాలు ఉండాలి. మూజ్‌ని ఎల్క్ అనుకుని కొట్టేవాళ్ళు ఏటా ఉంటారు. మూజ్ నల్లగా, పెద్ద ముక్కుతో ఉంటుంది. ఎల్క్‌కి వెనక భాగం లేత పసుపు, మెడ ముదురు గోధుమ. అనుమానం ఉంటే కాల్చవద్దు.

అరోరా_కుర్రాడు
అన్నా, రెండున్నర మైళ్ళ లోపలే ఉంటే మిగతా జనమంతా అక్కడే ఉంటారు కదా. ఎల్క్ దొరుకుతుందా?

కొండదారి
దొరక్కపోవచ్చు. రాష్ట్రం మొత్తం మీద అయిదుగురు వేటగాళ్ళలో ఒకరికి దొరికితే గొప్ప. అది తెలిసే వెళ్ళాలి.

కానీ దూరం ఒక్కటే దారి కాదు. సెప్టెంబరులో అరుస్తూ తిరిగిన బుల్స్ అక్టోబరు చివరికి అలిసిపోయి, మూగగా, ఒంటరిగానో ఇద్దరు ముగ్గురుగానో చీకటి అడవిలో దాక్కుంటాయి. వాటికి కావాల్సింది మేత, నీళ్ళు, మనిషి రాని చోటు. మనిషి రాని చోటు రోడ్డుకి మైలు దూరంలోనే ఉండవచ్చు, నిటారుగా ఉంటేనో, పడిపోయిన చెట్లతో నిండి ఉంటేనో. పటంలో ఉత్తరం వైపు వాలు చూడు. ఎత్తుని చూపే కాంటూర్ గీతలు దగ్గరగా వచ్చి ఒకచోట విడిపోతాయి. వాలు మధ్యలో ఉన్న ఆ చదునైన చోటే వాటి పడక. జనం ట్రెయిల్ వెంట ఆరు మైళ్ళు పోతారు గానీ, ట్రెయిల్ వదిలి ఎనిమిది వందల అడుగులు పైకెక్కేవాళ్ళు తక్కువ.

గాలిని చూసుకో. ఎండ తగలనంతసేపు చల్లగాలి కొండ కిందికి జారుతుంది. నేల వేడెక్కాక పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడగానే మళ్ళీ కిందికి. తెల్లవారుజామున కింది నుంచి దగ్గరికి వెళ్ళాలి, పొద్దెక్కేసరికి వాటికంటే పైన ఉండాలి. చిన్న సీసాలో టాల్కమ్ పౌడర్ పెట్టుకుని ఊరికే చిమ్మి చూస్తూ ఉండు. ఎల్క్ కంటిని మోసం చేయవచ్చు, ముక్కుని చేయలేవు.

ప్రైవేటు భూమి హద్దులు ఫోన్ మ్యాప్‌లో ముందే దించుకో. కొలరాడోలో కంచె లేకపోయినా, బోర్డు లేకపోయినా అనుమతి లేకుండా ప్రైవేటు భూమిలో వేటాడకూడదు.

కుక్కర్_విజిల్
తిండి గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మా ఆయన వేటకి వెళ్తారు, క్యాంపు వంట నాది.

తొమ్మిది వేల అడుగుల మీద నీళ్ళు దాదాపు 91 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటలు గడిచినా ఉడకదు, గ్యాస్ అయిపోతుంది. కారు దగ్గర క్యాంపు అయితే చిన్న ప్రెషర్ కుక్కర్ తప్పకుండా తీసుకెళ్ళండి. నడిచి వెళ్తే ఇంట్లోనే పులిహోర పేస్టు, వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు సిద్ధం చేసుకోండి, వేడి నీళ్ళు పోస్తే చాలు. పగలు జేబులో వేరుశనగ చిక్కీ, సున్నుండలు. చలిలో నెయ్యి చాలా అవసరం. నీళ్ళ ఫిల్టర్ రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి. ఒకసారి గడ్డకడితే లోపల చిట్లిపోతుంది, బయటికి బాగానే కనబడుతుంది. గ్యాస్ సిలిండర్ కూడా అంతే, చల్లబడితే మండదు.

ఎల్క్ మాంసంలో కొవ్వు బాగా తక్కువ. వీపు మాంసాన్ని వేపుడులా ఎక్కువసేపు వేయిస్తే చెప్పులా అవుతుంది. వెనక తొడలు ఖీమాకి, ముందు కాళ్ళు కుక్కర్ కూరకి. సన్నగా కోసి ఉప్పు, కారం, పసుపు పట్టించి ఎండబెడితే తెలంగాణ ఒట్టి తునకలు భలేగా వస్తాయి. వెట్ అక్క చెప్పినట్టు రిపోర్టు వచ్చాకే.

అరోరా_కుర్రాడు
అందరి మాటలూ ఇద్దరం కూర్చుని చదివాం. ప్లాన్ మార్చేశాం. క్యాంపు కారు దగ్గరే. ఎక్కడ తిరిగినా కారుకి రెండున్నర మైళ్ళు దాటం. జూలైలో ఒక వారాంతం తుపాకీ లేకుండా వెళ్ళి ఆ ఉత్తరపు వాలు చూసొస్తాం. మాస్టారు చెప్పినట్టు ఇద్దరం హంటర్ ఎడ్యుకేషన్‌లో చేరాం. లాయర్ అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాం. బావగారు మంగళవారమే దిగి డెన్వర్‌లో ఉంటారు. ఇంకేమైనా మర్చిపోయామా?

కొండదారి
ఇప్పుడు కుదిరింది. జూలైలో వెళ్ళినప్పుడు ముప్పై పౌండ్ల బ్యాగుతో ఆ వాలు నుంచి కారు దాకా నడిచి టైమ్ చూసుకోండి. అక్టోబరులో బరువుతో, మంచులో దానికి రెండింతలు పడుతుంది. టెంట్ వేసే చోట తలెత్తి చూడండి. పురుగు పట్టి ఎండిపోయిన స్ప్రూస్ చెట్లు అక్కడ చాలా ఉన్నాయి, గాలికి పడతాయి. మీకర్ నుంచి యాంపా వెళ్ళే ఫ్లాట్ టాప్స్ రోడ్డులో కొంత మట్టి దారే. పెద్ద మంచు పడితే దాటలేరు. టైర్లకి గొలుసులు, పార, నిండు ట్యాంకు ఉండాలి. బండిలో రైఫిల్ ఛాంబర్‌లో గుండు ఉండకూడదు, అది చట్టం.

వెట్_అక్క
పెద్ద ఐస్ బాక్సులు మూడు, ఐస్‌తో నింపి కారులో ఉంచండి. మాంసం కోసి ప్యాక్ చేసే షాపులు మీకర్‌లో, క్రెయిగ్‌లో ఉన్నాయి, ఆ వారంలో రద్దీ. ముందే ఫోన్ చేసి, సీజన్‌లో ఎన్నింటిదాకా తెరిచి ఉంటారో కనుక్కోండి.